ఒంటికన్ను కారు: బయట వేయించిన జెనాన్ లైట్ల జబ్బులు

రాత్రిపూట ఎదురుగా ఒక్క లైటు కనిపిస్తే మోటారుసైకిలే అనుకుంటాం. దానికి తగ్గట్టే దారి ఇస్తాం. తీరా దగ్గరికొచ్చాక అది కారు. అందులోనూ డ్రైవరు వైపు లైటు ఆరిన కారైతే మరీ ప్రమాదం. ఎడమ పక్కన నడిపే మన రోడ్ల మీద కుడి లైటు ఆరితే ఎదుటివాడికి కనిపించేది రోడ్డు అంచునున్న ఎడమ లైటొక్కటే. ఆ లైటుకూ అతనికీ మధ్య మీటరుకు పైగా ఇనుము చీకట్లో వస్తూ ఉంటుంది.

కొన్నేళ్ల కిందట ఆ ఒంటికన్ను కారు నాదే. హాలోజన్ బల్బుల పసుపు వెలుగు చాలడం లేదని ఒక దుకాణంలో హెచ్‌ఐడీ, అంటే జెనాన్ కిట్ వేయించాను. నాలుగు నెలలు పగటిలా ఉంది రోడ్డు. ఆ తర్వాత ఒక రాత్రి హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్తుంటే, సూర్యాపేట దాటాక ఒక గతుకు మీద కుడి లైటు రెండు సార్లు వణికి ఆరిపోయింది. స్విచ్ ఆపి వేస్తే వెలిగింది. కోదాడ వచ్చేలోపు మూడుసార్లు అదే తంతు. మర్నాడు ఎలక్ట్రీషియన్ చూసీ చూడగానే “బల్బు పోయింది సార్” అన్నాడు. మార్చాం. వారానికి మళ్లీ ఆరింది. ఈసారి “కంపెనీ బల్బు వేద్దాం” అన్నాడు. వేశాం. మళ్లీ ఆరింది. చివరికి ఇంకో ఎలక్ట్రీషియన్ బల్బు ముట్టుకోలేదు. లైట్లు వెలుగుతుండగానే మల్టీమీటరు ఒక మొన బ్యాటరీ మైనస్ మీద, రెండోది కుడి బ్యాలస్టు (జెనాన్ బల్బుకు కరెంటు అందించే పెట్టె) నల్లవైరు చివర ఆనించాడు. అక్కడ సున్నాకు దగ్గరగా ఉండాల్సిన అంకె దాదాపు రెండు వోల్టులు చూపించింది. రంగు గీకకుండా బాడీకి స్క్రూ వేసి ఎర్తు ఇచ్చారు. కింద తుప్పు పట్టింది. ఉప్పుకాగితంతో రుద్ది స్క్రూ బిగించాడు. అంతే, మళ్లీ ఆరలేదు. అప్పటికే రెండు బల్బుల ఖర్చు వృథా అయింది.

అప్పటి నుంచి ఈ లైట్ల సంగతి ఎక్కడ విన్నా ఆగి వింటున్నాను. ఈ విషయంలో మూడు వాదాలున్నాయి. ఆరితే బల్బు మార్చమనేది దుకాణాల మాట. చౌకరకం బ్యాలస్టే అన్నిటికీ మూలం అనేది మోజుగా బళ్లు మార్చుకునే కుర్రాళ్ల మాట. వైరింగు చూడకుండా దేన్నీ ముట్టొద్దనేది పాత ఎలక్ట్రీషియన్ల మాట. మూడింటిలోనూ నిజముంది. ఏ నిజం ఎప్పుడు వర్తిస్తుందో తెలియాలంటే ఈ లైటు ఎలా వెలుగుతుందో ముందు తెలియాలి.

హాలోజన్ బల్బులో టంగ్‌స్టన్ తీగ కాలి వెలుగుతుంది. దానికి కావలసింది పన్నెండు వోల్టులే. జెనాన్ బల్బులో తీగే లేదు. శనగగింజంత క్వార్ట్జ్ గాజు బుడగలో నాలుగు మిల్లీమీటర్ల ఎడంతో రెండు మొనలు, లోపల జెనాన్ వాయువు, కొన్ని లోహ లవణాలు ఉంటాయి. ఆ ఎడాన్ని దాటి కరెంటు దూకాలంటే మొదట ఇరవై వేల వోల్టులకు పైగా దెబ్బ కావాలి. ఆ దెబ్బ కొట్టేది ఇగ్నైటరు. మెరుపు పుట్టాక జెనాన్ వెంటనే నీలిగా వెలుగుతుంది, కొన్ని సెకన్లలో లవణాలు ఆవిరై అసలు తెల్లని వెలుగు వస్తుంది. అక్కడి నుంచి బ్యాలస్టు సుమారు 85 వోల్టుల ఏసీతో దాన్ని నిలబెడుతుంది. 1991లో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌తో ఈ లైట్లు రోడ్డెక్కాయి. 55 వాట్ల హెచ్7 హాలోజన్ 1,500 ల్యూమెన్ల వెలుగిస్తే, 35 వాట్ల డీ2ఎస్ జెనాన్ 3,200 ఇస్తుంది. మోజు పుట్టిందంటే ఊరికే కాదు.

“జెనాన్ తక్కువ కరెంటు తాగుతుంది, ఉన్న వైర్లు చాలు” అని కిట్ అమ్మేవాళ్లు ఇక్కడే తప్పుదారి పట్టిస్తారు. నిలకడగా వెలుగుతున్నప్పుడు అది నిజమే. బ్యాలస్టు తినేదంతా కలిపినా మూడు ఆంపియర్ల చిల్లర, హాలోజన్‌కి నాలుగున్నర. కానీ వెలిగిన తొలి సెకన్లలో లవణాలను వేడెక్కించడానికి బ్యాలస్టు దానికి రెండు మూడు రెట్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ లాగుతుంది. హాలోజన్ తీగ కూడా చల్లగా ఉన్నప్పుడు ఎక్కువే లాగుతుంది గానీ అది కనురెప్ప పాటు కూడా ఉండదు. జెనాన్‌కి ఆ ఆకలి సెకన్ల తరబడి ఉంటుంది. సన్నని పాత వైరు, స్టీరింగు పక్క స్విచ్చి, మసిబారిన కనెక్టరు అంతసేపు అంత కరెంటు మోయలేవు. దారిలోనే వోల్టేజి పడిపోతుంది. తొమ్మిది, పది వోల్టుల దగ్గరికి దిగితే బ్యాలస్టు తన రక్షణ కోసం తానే ఆగిపోతుంది. బయటి నుంచి చూసేవాడికి బల్బు పోయినట్టే కనిపిస్తుంది.

అందుకే జబ్బును లక్షణం బట్టి చదవాలి. నేను చూసినంతలో లక్షణాలు అబద్ధం చెప్పడం అరుదు.

రెండు లైట్లూ ఒకేసారి పోయాయంటే రెండు బల్బులు ఒకే రాత్రి పోవడం దాదాపు జరగని పని. రెంటికీ ఉమ్మడిగా ఉన్నవాటినే చూడాలి: ఫ్యూజు, రిలే, ఉమ్మడి ఎర్తు, పాత హెడ్‌లైటు ప్లగ్గులోంచి రిలేకి సైగ తెచ్చే సన్నవైరు. గతుకు మీదే వణికితే లూజు కనెక్టరో ఎర్తో. ఇంజిను ఆపి ఉన్నప్పుడు తడబడి, స్టార్ట్ చేశాక సర్దుకుంటే బ్యాటరీ బలహీనం, లేదా వైర్లలో వోల్టేజి నష్టం. చక్కగా వెలిగి, పది ఇరవై నిమిషాలకు గులాబీ రంగులోకో ఊదాలోకో తిరిగి ఆరిపోయి, స్విచ్ ఆపి వేస్తే మళ్లీ వెలిగితే మాత్రం దుకాణం మాటే నిజం, అది బల్బు ముసలితనం. లవణాలు తరిగి బల్బు అడిగే వోల్టేజి పెరుగుతుంది, బ్యాలస్టు ఇక నిలబెట్టలేక వదిలేస్తుంది. స్విచ్ వేసినప్పుడు చిన్న టిక్కు శబ్దం గానీ మెరుపు గానీ ఏమీ లేకుండా, కరెంటు మాత్రం అక్కడి దాకా చేరుతుంటే బ్యాలస్టునో ఇగ్నైటరునో అనుమానించాలి. వాన పడిన రాత్రే ఆరి, రెండు రోజులు ఎండ కాశాక బాగుపడితే బ్యాలస్టులోకి నీళ్లు దిగాయి. ఫ్యూజు పదే పదే కాలిపోతుంటే ఎక్కడో ఎర్రవైరు తోలు ఊడి బాడీకి తగులుతోంది. ఆ స్థితిలో పెద్ద ఫ్యూజు వేయడం బండిని తగలబెట్టుకోవడమే. ఎవరు సలహా ఇచ్చినా వినకండి.

లక్షణం తేల్చకపోతే అదలాబదలా పరీక్ష ఉంది. కుడి బల్బును ఎడమకు, ఎడమ బల్బును కుడికి మార్చాలి, బ్యాలస్టులను కదపకూడదు. జబ్బు బల్బు వెంట పక్కకు వెళితే దోషం బల్బుది. ఉన్నచోటే ఉంటే బల్బు నిర్దోషి. ఇప్పుడు బ్యాలస్టులు మార్చి చూడాలి. అప్పుడూ కదలకపోతే ఆ వైపు వైరింగే. ఒక్క రూపాయి ఖర్చు లేని ఈ పరీక్ష చేయకుండానే మనూళ్లలో బల్బుల మీద బల్బులు అమ్ముడుపోతున్నాయి. ఒకసారికి ఒకటే మార్చాలన్నది మరవకూడదు. రెండూ ఒకేసారి మారిస్తే ఏదీ తెలియదు. అటూ ఇటూ మార్చగానే రెండూ భేషుగ్గా వెలిగాయనుకోండి, సంతోషించి వదిలేయకండి. విప్పి మళ్లీ గుచ్చినప్పుడు ఏదో లూజు కనెక్టరు తాత్కాలికంగా సర్దుకుందని దానర్థం. దాన్ని వెతికి బిగించకపోతే నెలలోపు మళ్లీ వస్తుంది.

ఈ పరీక్షకు ముందు ఒక హెచ్చరిక. బ్యాలస్టుకీ బల్బుకీ మధ్య ఉండే లావుపాటి వైర్లలో పుట్టే తొలి దెబ్బ ఇరవై వేల వోల్టులు దాటుతుంది. ప్రాణం తీయగలదు. అక్కడ మల్టీమీటరు పెట్టకూడదు, వెలుగుతుండగా ప్లగ్గు లాగకూడదు, చెమట చేతులతో పట్టుకోకూడదు. స్విచ్ ఆపి, తాళం తీసి, బ్యాటరీ మైనస్ విప్పి, బల్బు చల్లారేదాకా ఆగి అప్పుడే చెయ్యి పెట్టాలి. బల్బు గాజును వేళ్లతో తాకినా దాని ఆయువు తగ్గుతుంది. వేలి జిడ్డు అంటిన చోట గాజు ఎక్కువ వేడెక్కి దెబ్బతింటుంది.

మల్టీమీటరుకు పని ఉన్నది బ్యాలస్టులోకి వచ్చే పన్నెండు వోల్టుల వైపే. అక్కడా ఒక మోసం ఉంది. ప్లగ్గు విప్పి ఊరికే కొలిస్తే, నూలుపోగంత ఒక్క రాగితీగ మిగిలిన వైరు కూడా పూర్తి వోల్టేజి చూపిస్తుంది. బరువు పడినప్పుడే దాని బండారం బయటపడుతుంది. లైటు వెలుగుతుండగానే కొలవాలి. ఇంజిను తిరుగుతుంటే బ్యాటరీ దగ్గర సుమారు 14 వోల్టులు ఉంటుంది, బ్యాలస్టు దగ్గర అర వోల్టు కంటే ఎక్కువ తగ్గకూడదు. ఎర్తు వైపు తేడా వోల్టులో అయిదో వంతు దాటితే శుభ్రం చేయాల్సిందే. మీటరు లేనివాళ్లకు కిట్ వేయించినప్పుడు తీసేసిన పాత హాలోజన్ బల్బే మంచి పరీక్షాధికారి. కారు అసలు ప్లగ్గుకి దాన్ని తగిలించండి. నిండుగా వెలిగితే కారు వైపు తప్పు లేదు. మినుకుమినుకుమంటే జెనాన్ కిట్‌ను తిట్టి లాభం లేదు. ఆ బల్బులను పారేయకండి. బండిలో ఉంచుకుంటే ఒక రాత్రి అవే ఇల్లు చేరుస్తాయి.

పాత ఎలక్ట్రీషియన్లు పట్టుబట్టే రిలే వైరింగు ఈ మొత్తం గొడవలో సగానికి మందు. బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు మీదుగా లావు వైరు రిలే 30వ కాలికి, 87 నుంచి బ్యాలస్టులకు, 85, 86 కాళ్లకు పాత ప్లగ్గు నుంచి సైగ. బరువంతా బ్యాటరీ నుంచి నేరుగా పోతుంది, కారు స్విచ్చి మీద భారం పడదు. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి, రిలే కాళ్లు కిందికి చూస్తూ ఉండాలి. లేదంటే వాననీళ్లు అందులో నిలుస్తాయి.

హెచ్4 బల్బుండే కార్ల కథ వేరు, అందులో చిక్కులు ఎక్కువ. హెచ్4లో లో బీమ్, హై బీమ్ రెండూ ఒకే బల్బులో ఉంటాయి. బయటి కిట్లలో రెండు రకాలొచ్చాయి. ఒకదాంట్లో లో బీమ్ మాత్రమే జెనాన్, హై బీమ్‌కి పక్కనే ఒక హాలోజన్ తీగ. రెండోదాంట్లో జెనాన్ బల్బునే చిన్న విద్యుదయస్కాంతం ముందుకు వెనక్కు జరుపుతుంది. ఆ జరిగే భాగంలో దుమ్ము చేరి ఇరుక్కుంటే, డిమ్ వేసినా లైటు పైకే కొడుతుంది. డ్రైవరుకు ఏమీ తెలియదు, ఎదుటివాళ్లంతా తనకు డిప్పర్ ఎందుకు కొడుతున్నారా అనుకుంటాడు. బానెట్ ఎత్తి, ఒకరు స్విచ్ మారుస్తుంటే ఇంకొకరు చెవి పెట్టి వినాలి. రెండు వైపులా టక్కుమనాలి. ఇంకో చిక్కుంది. కొన్ని జపాన్ తరహా కార్లలో హెచ్4 ప్లగ్గులో ఉమ్మడి కాలు ప్లస్, స్విచ్చి తెంపేది మైనస్‌ని. తీగ బల్బుకి దిక్కుతో పని లేదు కాబట్టి హాలోజన్‌తో ఎన్నాళ్లయినా తేడా తెలియదు. ప్లస్ మైనస్ తెలిసిన బ్యాలస్టు మాత్రం వెలగదు, లేదా హై బీమ్, లో బీమ్ తారుమారవుతాయి. కొత్త కిట్ వేసిన రోజే పనిచేయలేదంటే సరుకు నాసి అనుకునే ముందు ఈ దిక్కు చూడాలి.

కొన్ని ఐరోపా కార్లలో కంప్యూటరు హెడ్‌లైటుకి కరెంటును తునకలు తునకలుగా పంపుతుంది, బల్బు బాగుందో లేదో సన్నని సైగతో పరీక్షిస్తుంది కూడా. హాలోజన్ దాన్ని గమనించదు. బ్యాలస్టు మాత్రం వణుకుతుంది, డాష్‌బోర్డు మీద బల్బు హెచ్చరిక వెలుగుతుంది. దీనికి కెపాసిటరున్న క్యాన్‌బస్ వైరింగు దొరుకుతుంది. రెసిస్టరు రకమైతే అది బాగా కాలుతుంది, ప్లాస్టిక్‌కు తగలకుండా ఇనుప బాడీకి బిగించాలి.

బ్యాలస్టులను ఎక్కడ పెట్టారన్నది ఎవరూ అడగరు గానీ చాలా చావులు అక్కడే మొదలవుతాయి. రేడియేటరు పక్కన రెండు వైపుల జిగురు టేపుతో అంటించి పంపేస్తారు. మన మే నెలలో ఇంజిను వేడికి టేపు జారి, బ్యాలస్టు బంపరు లోపల వేలాడుతుంది. హెడ్‌లైటు వెనక రబ్బరు మూతకు చాకుతో కంత పెట్టి వైరు దూరుస్తారు. ఆ కంతలోంచి వానా దుమ్మూ లోపలికెళ్లి రిఫ్లెక్టరు వెండిలా మెరిసే పూత ఊడిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో కనెక్టర్లు ఆకుపచ్చగా చిలుము పట్టడం మామూలే. ఇక ఎలుకలు. చలికాలం రాత్రి వెచ్చగా ఉంటుందని బానెట్ కింద చేరి వైర్లు కొరుకుతాయి. బ్యాలస్టు నుంచి బల్బుకు పోయే లావు వైరు తోలుకి పంటిగాటు పడితే మెరుపు బల్బు దాకా పోకుండా పక్కనున్న బాడీలోకి దూకుతుంది. చీకట్లో బానెట్ ఎత్తి, దూరంగా నిలబడి స్విచ్ వేయించి చూస్తే నీలిరవ్వ కనిపిస్తుంది, టకటకా వినిపిస్తుంది. టేపు చుట్టి సరిపెట్టొద్దు. ఆ వైరు మార్చాల్సిందే.

వాడకంలో చేసే తప్పులూ ఉన్నాయి. లైటు వేసి ఉంచి సెల్ఫ్ కొట్టకూడదు. ఆ క్షణం వోల్టేజి పడి బల్బు ఆరి, వేడి మీదే మళ్లీ వెలగాలి. వేడి బల్బులో ఒత్తిడి ఎక్కువ, మెరుపు పుట్టించడం ఇగ్నైటరుకు చల్లని బల్బుకన్నా కష్టం. జెనాన్‌తో పదే పదే ఫ్లాష్ కొట్టేవాళ్ల బల్బులు, బ్యాలస్టులు రెండూ తొందరగా పోతాయి. రంగు మోజు ఇంకొకటి. 8,000, 10,000 కెల్విన్ అని డబ్బా మీద పెద్ద అంకె చూసి ఎక్కువ వెలుగనుకుంటారు. అది రంగు అంకె. కారు తయారీదారులు వాడేది 4,300 దగ్గర. అంకె పెరిగే కొద్దీ నీలం పెరుగుతుంది, రోడ్డు మీద పడే వెలుగు తగ్గుతుంది. తడి తారు మీద నీలి వెలుగుతో నడిపినవాళ్లకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు.

ఇంతవరకూ చెప్పినవన్నీ మీటరుకు దొరికే జబ్బులు. మీటరుకు దొరకని జబ్బు ఒకటుంది. కిట్ ఎంత బాగా పనిచేస్తే అది అంత ముదురుతుంది.

హాలోజన్ హెడ్‌లైటులోని రిఫ్లెక్టరును ఒక సన్నని తీగ ఆకారానికి, అది ఉండే చోటుకి మిల్లీమీటరు లెక్కన మలిచారు. హెచ్4లోనైతే తీగ కింద చిన్న లోహపు తొట్టి ఉండి, పైకి పోయే వెలుగును ఆపుతుంది. జెనాన్ మెరుపు ఆకారం వేరు, చోటు వేరు. విల్లులా కాస్త పైకి వంగుతుంది, రెండు కొసల దగ్గర ఎక్కువ మండుతుంది. ఆ వెలుగును హాలోజన్ రిఫ్లెక్టరు ఎటు పడితే అటు చిమ్ముతుంది. రెట్టింపు వెలుగు, అదుపు లేకుండా. కారు ముందు పది ఇరవై మీటర్లు తెల్లగా మెరిసేసరికి డ్రైవరు కన్ను దానికి అలవాటు పడి, దూరంలో ఉన్న గేదె నిజానికి అతనికి ముందుకన్నా ఆలస్యంగా కనిపిస్తుంది. ఎదుటివాడికి అసలేమీ కనిపించదు. కంపెనీ జెనాన్ కార్లకు దానికోసమే చేసిన లెన్సో రిఫ్లెక్టరో ఉంటుంది. 2,000 ల్యూమెన్లు దాటిన లో బీమ్‌కి, బండి వెనక బరువు పెరిగినా లైటు పైకి లేవకుండా దానంతటదే సర్దుకునే ఏర్పాటు, అద్దం కడిగే నీటి జిమ్ముడు ఉండాలని ఐరోపా నిబంధనలు పెట్టింది ఇందుకే. బయటి కిట్ డబ్బాలో ఇవేవీ రావు.

మన చట్టం కూడా ఇదే వైపు ఉంది. ఎనిమిది మీటర్ల దూరంలో, నేలకు మీటరున్నర ఎత్తులో ఉన్న కంటిని మిరుమిట్లు గొలపకూడదని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 106వది చెబుతోంది. తయారీదారు ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అడ్డుకుంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా సమర్థించింది. అదే ఏడాది వచ్చిన సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. ఇప్పుడు దుకాణాల్లో హెచ్‌ఐడీ చోటును ఎల్‌ఈడీ బల్బులు ఆక్రమించాయి. బ్యాలస్టు గొడవ తగ్గింది గానీ, హాలోజన్ రిఫ్లెక్టరులో వేరే దీపం పెట్టే తప్పు అలాగే ఉంది.

హాలోజన్ చాలదన్న ఫిర్యాదుతోనే నేను ఈ దారి పట్టాను కాబట్టి దానికి నేనే జవాబు చెప్పాలి. తీగ బల్బుకి వోల్టేజి పది శాతం తగ్గితే వెలుగు సుమారు 30 శాతం పడిపోతుంది. పాత కార్లలో ఆ పది శాతం వైర్లలోనే కరిగిపోతోంది. నా కారుకి జెనాన్ కోసం వేసిన రిలే వైరింగును ఉంచి, దానికి మామూలు 55 వాట్ల హాలోజన్ తగిలించాను, పసుపెక్కిన హెడ్‌లైటు అద్దాలను పాలిష్ పట్టించాను, లైట్ల ఎత్తు సరిచేయించాను. జెనాన్ అంత తెలుపు లేదు. గేదె కనిపిస్తోంది, ఎదుటివాడు డిప్పర్ కొట్టడం లేదు. కంపెనీయే జెనాన్ ఇచ్చిన కారైతే పైన చెప్పిన పరీక్షలతో దాన్ని బాగుచేయించి దర్జాగా వాడుకోవచ్చు. హాలోజన్ దీపంలో దూర్చిన కిట్‌కి మాత్రం నా తీర్పు ఒకటే. దాన్ని రిపేరు చేయించకండి, తీసేయించండి.

నమ్మకం కుదరకపోతే ఈ రాత్రే చదునైన చోట, గోడకు ఎనిమిది మీటర్ల దూరంలో కారు ఆపండి. మీ హెడ్‌లైటు మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో గోడ మీద అంతే ఎత్తున సుద్దతో గీత గీయండి. లో బీమ్ వేస్తే వెలుగు అంచు ఆ గీతకు బెత్తెడు కింద తెగాలి. గీతకు పైన గోడంతా తెల్లగా మెరుస్తుంటే ఆ వెలుగులో ఒక్క నిమిషం వెళ్లి గోడ దగ్గర నిలబడి, మీ కారు వైపు చూడండి. ఎదురుగా బైకు మీద ఇంటికొస్తున్నవాడికి ప్రతి రాత్రీ కనిపించేది అదే.